డిక్కీ డోర్ కిందికి వాలుతోందా?

పండక్కి ఊరెళ్లేముందు కారు డిక్కీలో సామాను సర్దుతుంటారు. ఎత్తిన డోర్ మెల్లగా కిందికి వాలిపోతుంటుంది. ఒకరు చేత్తో పట్టుకుంటే మరొకరు బ్యాగులు పెడతారు. 'తిరిగొచ్చాక చూద్దాంలే' అనుకుంటారు చాలామంది. కానీ ఇది వాయిదా వేయాల్సిన రిపేరు కాదు. లోపలికి వంగిన వాళ్ల తలమీదో, అంచు పట్టుకున్న చిన్నారి వేళ్లమీదో ఆ బరువు పడితే దెబ్బ గట్టిగానే తగులుతుంది.

లోపల ఏముంది?

డోర్‌ను పైన నిలబెట్టేవి గ్యాస్ స్ట్రట్లు. మెకానిక్‌లు డిక్కీ షాకర్లు అంటుంటారు. సిలిండర్‌లో ఎక్కువ పీడనంతో నింపిన నైట్రోజన్, కొద్దిగా ఆయిల్ ఉంటాయి. లాక్ తీయగానే గ్యాస్ లోపలి కడ్డీని బయటికి తోస్తుంది, డోర్ లేస్తుంది. అది దభాలున లేవకుండా చూసేదీ, కడ్డీ చుట్టూ ఉండే సీలు ఎండిపోకుండా కాపాడేదీ ఆయిలే. సీలు అరిగితే గ్యాస్ కొద్దికొద్దిగా బయటికి పోతుంది.

ఇలా కనిపెట్టండి

చలికి గ్యాస్ పీడనం తగ్గుతుంది. 40 డిగ్రీల ఎండలో ఉన్న బలం 10 డిగ్రీల చలిలో దాదాపు పదోవంతు తగ్గిపోతుంది. అందుకే మధ్యాహ్నం బాగానే నిలబడిన డోర్ పొద్దున్నే వాలిపోవచ్చు. పరీక్షించేదేదో తెల్లవారుజామునే చేయండి. కడ్డీమీద ఆయిల్ జిడ్డు కనిపించినా, సగం ఎత్తాక కూడా డోర్ బరువుగా అనిపించినా మార్చే సమయం వచ్చినట్టే.

కడ్డీని అప్పుడప్పుడూ మెత్తటి పొడి గుడ్డతో తుడిస్తే చాలు. గ్రీజు రాస్తే దుమ్ము అంటుకుని సీలును కోసేస్తుంది. కడ్డీమీద గీతలు పడకూడదు. డోర్‌కి సైకిల్ క్యారియర్ లాంటివి బిగిస్తే ఆ బరువూ స్ట్రట్లే మోయాలి.

మార్చేటప్పుడు...

* రెండు స్ట్రట్లున్న కారులో ఒకటే పాడైనా రెండూ మార్చాలి. లేదంటే బలం ఒకవైపే పడి డోర్ మెలితిరుగుతుంది.

* సిలిండర్‌మీద 400ఎన్ లాంటి అంకె ఉంటుంది. అది న్యూటన్లలో బలం. 10 న్యూటన్లంటే దాదాపు కిలో బరువును ఎత్తే శక్తి. అదే అంకె, అదే పొడవు ఉన్నవే కొనండి. ఎక్కువ బలమున్నవి వేస్తే డోర్ మూయడం కష్టం, బిగింపులూ వంగిపోతాయి.

* విప్పేముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పాతది ఏ వైపు తిరిగి ఉందో కొత్తదీ అలాగే బిగించాలి. డోర్ మూసినప్పుడు కడ్డీ కిందివైపు ఉంటే ఆయిల్ సీలు దగ్గరే నిలుస్తుంది.

* డోర్‌ను ఒకరు గట్టిగా పట్టుకోవాలి. పిల్లల్ని దూరంగా ఉంచండి. చాలా కార్లలో కొసల్లో చిన్న క్లిప్ ఉంటుంది. సన్నటి స్క్రూడ్రైవర్‌తో దాన్ని కాస్త పైకి లేపితే స్ట్రట్ ఊడి వస్తుంది. ఒకవైపు కొత్తది బిగించాకే రెండోవైపు విప్పండి.

* బటన్ నొక్కితే తెరుచుకునే మోటారు డోర్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. సర్వీసు సెంటర్‌కే వదిలేయండి.

పాత స్ట్రట్లలో గ్యాస్ ఇంకా మిగిలే ఉంటుంది. వాటికి రంధ్రం చేసినా, మంటలో వేసినా పేలే ప్రమాదముంది. పాత ఇనుముకి వేసేయకుండా మెకానిక్‌కి అప్పగించండి.