బాలింత పథ్యం పస్తు కారాదు

కాన్పు తరువాత కుట్లు చూపించుకోవడానికి వచ్చిన ప్రతి బాలింతనూ నేను ఒక ప్రశ్న అడిగేవాడిని: "నిన్న ఏం తిన్నావమ్మా?" దిల్‌సుఖ్‌నగర్ అపార్ట్‌మెంటు నుంచి వచ్చినా, ఎల్బీనగర్ బస్తీ నుంచి వచ్చినా చాలామంది జవాబు ఒకటే: వెల్లుల్లి కారంతో నాలుగు ముద్దలు, కాస్త బీరకాయ కూర. పప్పు తింటే కుట్లు చీము పడతాయట. నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందట. పండు తింటే బిడ్డకు జలుబు చేస్తుందట. ఈ మాటలు చెప్పేది పరాయివారు కారు, కన్నతల్లి. ప్రేమతోనే చెబుతుంది. కానీ ఆ ప్రేమే కూతురిని అర్ధాకలితో ఉంచుతోంది.

కడుపుతో ఉన్నప్పుడు ఇద్దరి తిండి తినమంటాము. ప్రసవం కాగానే కంచం చిన్నది చేస్తాము. శరీరధర్మం ఇందుకు విరుద్ధం. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల మేరకు గర్భిణికి రోజుకు అదనంగా 350 కిలోకాలరీలు అవసరం. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు 600 అవసరం. దానికి తోడు 17 గ్రాముల మాంసకృత్తులు అదనంగా కావాలి. తల్లి అరకొరగా తిన్నా పాలు చాలావరకు ఊరుతూనే ఉంటాయి, ఎందుకంటే శరీరం తన నిల్వలను తీసి బిడ్డకు ఇస్తుంది. బిడ్డ బొద్దుగా ఉంటాడు కనుక తల్లి క్షీణిస్తున్నదన్న అనుమానం ఇంట్లో ఎవరికీ రాదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి దాదాపు 61 కాన్పులు ఆపరేషన్ ద్వారానే జరిగాయి. గర్భిణులలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అసలే రక్తం తక్కువ, పైగా కడుపు కోత. ఆ గాయం మానడానికి కావలసినవి మాంసకృత్తులే. చీము పట్టించేది సూక్ష్మక్రిములు, కందిపప్పు కాదు.

పెద్దల పద్ధతులన్నీ తప్పని నేను అనను. వెల్లుల్లి, మునగాకు, నువ్వులు, మెంతికూర నిక్షేపంగా పెట్టండి. వాటికి తోడు రోజూ గిన్నెడు పప్పు, ఒక గుడ్డు, రెండు గ్లాసుల పాలు లేదా పెరుగు, ఒక పండు చేర్చండి. దాహం వేసినంత నీరు తాగనివ్వండి. ఖరీదైన పొడి డబ్బాలు అక్కరలేదు. సరూర్‌నగర్ రైతుబజారులో దొరికే ఆకుకూరలు, జామపండ్లు చాలు. ఐరన్ మాత్రలు కాన్పుతో ఆపకూడదు. ఆ తరువాత మరో 180 రోజులు వాడాలి. టీతో గానీ, కాల్షియం మాత్రతో కలిపి గానీ వేసుకోరాదు. అంగన్‌వాడీలలో ఆరోగ్య లక్ష్మి పథకం కింద 2015 నుంచి గర్భిణులకు, బాలింతలకు గుడ్డు, పాలతో కూడిన భోజనం పెడుతున్నారు. అది తీసుకోవడం నామోషీ కాదు.

ఇందులో మా వైద్యుల తప్పూ ఉన్నది. డిశ్చార్జి కాగితం నిండా మందులు రాస్తాము, భోజనం గురించి ఒక్క పంక్తి రాయము. ఆ ఖాళీనే అపోహలు నింపుతాయి. ఇంటికి పంపేముందు బాలింత ఏమి తినాలో ఆ కాగితంపై తెలుగులో రాయాలి. వంట చేసే తల్లినో అత్తగారినో పక్కన కూర్చోబెట్టుకొని ఐదు నిమిషాలు వివరించాలి. మధుమేహం, రక్తపోటు వంటివి ఉన్నవారికి ప్రత్యేకంగా చెప్పాలి.

మీ ఇంట బాలింత ఉంటే ఈ పూట ఆమె కంచంలోకి ఒకసారి చూడండి. పప్పు లేకుంటే వడ్డించండి.