డేగ ముందు బెత్తము చెల్లదు



కాలిఫోర్నియాలోని వాల్నట్ క్రీక్ పట్టణంలో లిండ్సే పేరిట ఒక సహజచరిత్ర ప్రదర్శనశాల ఉన్నది. 1955లో వెలసినది. గాయపడిన వన్యప్రాణులకు వైద్యశాల కూడా అక్కడే. చికిత్స పొందినా తిరిగి అడవిలో బ్రతుకజాలని డేగలు, గుడ్లగూబలు కొన్ని అక్కడే ఉండిపోతాయి. వాటిని చేతిపై నిలుపుకొనే విద్యను స్వచ్ఛంద సేవకులు నేర్చుకొంటారు. మా అమ్మాయి ఇంటికి వెళ్ళినపుడు ఆ విద్యాభ్యాసము చూశాను.

ఎడమ చేతికి దళసరి తోలు తొడుగు. పక్షి కాళ్ళకు మెత్తని తోలుపట్టీలు. బెదరిన డేగ చేతిమీదినుండి దూకి తలక్రిందులుగా వ్రేలాడుతుంది. అప్పుడు అరవరాదు, చేయి విదల్చరాదు. రెండవ చేతితో మెల్లగా ఎత్తి మరల నిలపాలి. పదిమార్లు దూకితే పదిమార్లూ అంతే.

కుక్క మందలో పుట్టిన ప్రాణి, యజమాని కోపము దానికి అర్థమవుతుంది. డేగ ఒంటరి వేటకారి. మన కోపము దానికి శిక్షగా తోచదు, అపాయముగానే తోస్తుంది. చతురోపాయాలలో దండము ఇక్కడ నిష్ప్రయోజనము. (భేదమునకు రెండవ పక్షమే లేదు!) మిగిలినవి సామము, మాంసపు ముక్క. ఇదంతా కరుణయని నేననను. పూర్వము కొత్తగా పట్టిన పక్షి కనురెప్పలను దారముతో కుట్టేవారు. నేటికీ పక్షిని త్రాసుపై తూచి మేత నిర్ణయిస్తారు. ఆకలియే గురువుకు ఆధారము.

2009 విద్యాహక్కు చట్టము 17వ విభాగము బడిలో శారీరక శిక్షను నిషేధించింది. మంచిదే. బెత్తము తీసుకొన్నారు గాని, ఆ చేయి బదులుగా ఏమి చేయాలో ఉపాధ్యాయ శిక్షణలో చాలినంత నేర్పలేదని నా అభిప్రాయము. పిల్లవాడు దెబ్బను సహించి మరునాడు మరల బడికి వస్తాడు. అందువలననే కొట్టినవానికి తన లోపము కనబడదు. డేగ అట్లు రాదు. బి.ఇడి. చదివేవారిని ఒక నెల ఆ తొడుగుతో నిలబెట్టాలని నా కోరిక. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము వలన అది కుదరదు. కుదరకపోవడమే పక్షులకు క్షేమము.

మరొక మాట. డేగవంటి వేటపక్షికి తెలుగులో సాళువము అని పేరు. 1485లో విజయనగర సింహాసనమెక్కిన సాళువ నరసింహరాయల వంశనామములో ఉన్నది ఆ పక్షియే. పాఠము చెప్పిన ఇన్నేళ్ళలో ఆ మాటను పక్షిపేరుగా ఎరిగిన విద్యార్థి నాకు తారసపడలేదు. మీ ప్రాంతములో అది ఇంకను వాడుకలో ఉన్నదా? ఎరిగినవారు వ్రాయగలరు.