నాలుగు నెలల కాపలా, పన్నెండు నెలల ఆకలి

ఎండలు ముదిరినయ్. రెంటచింతల ఎండ ఎన్ని డిగ్రీలో ప్రతి ఏడూ పేపర్లు లెక్కగట్టి రాస్తయ్. ఆ ఎండలో పని చేసేవాళ్ల లెక్క రాసే పేపరే కనపడదు. మాచవరం పల్లెలో మిర్చి కోతలు అయిపోతే కూలి కూడా అయిపోతుంది. కాయ కల్లంలో ఎండుతుంటే, కోసిన చేతులు ఇంటికాడ ఖాళీగా ఉంటయ్. అవే రోజుల్లో మాచర్ల అవతల, దుర్గి, వెల్దుర్తి పక్క అడవుల్లో ఇంకో సీజన్ నడుస్తుంది. అది నిప్పు సీజన్. ఈసారి మేము ఆ కూలి గురించి రాయదలిచాం. ఎందుకంటే మిర్చి కోసే చెయ్యీ, అడవిలో నిప్పార్పే చెయ్యీ ఒక్కటే. సీజన్ అయిపోగానే రెండిటినీ మరిచిపోతారు.

నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1978లో ఏర్పడింది. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందకు వచ్చింది. 2014లో రాష్ట్రం చీలినాక కృష్ణ అవతలి భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు పోయింది. ఇవతలి భాగంలో మన పల్నాడు అడవి కూడా ఉంది. పులిని కాపాడుతున్నాం, ప్రకృతిని కాపాడుతున్నాం అని శాఖవాళ్లూ చెబుతారు, స్వచ్ఛంద సంస్థలవాళ్లూ చెబుతారు. మంచిదే. అయితే ఆ కాపాడటం అనే పనిని చేతులతో చేసేదెవరు?

ఎండాకాలం రాకముందే ఫైర్ లైన్లు కొట్టాలి. గడ్డి, ఎండాకు, కంప ఏరి, గాలి చూసుకుని, చల్లటి పూట ఆ పట్టీని తగలబెట్టి నేల కనపడేటట్టు చెయ్యాలి. గాలి తిరిగితే కాల్చినవాడే కాలతాడు. మంట లేస్తే పచ్చి కొమ్మలు విరిచి బాదాలి. జంతువులు తాగే సాసర్ పిట్లలో నీళ్లు నింపాలి. అడుగుజాడ చూసి ఏ జంతువు ఎటు పోయిందో చెప్పాలి. గడ్డి బీళ్లను మింగేసే సర్కారు తుమ్మను వేరుతో సహా పెరకాలి. పైన నరికి వదిలితే వానకు మళ్లీ చిగురేస్తుంది. దీన్నంతా 'నైపుణ్యం లేని కూలి' అంటున్నారు! ఏసీ గదిలో మ్యాపు గీసినోడిది నైపుణ్యం, ఆ మ్యాపు మీద చెప్పుల్లేకుండా నడిచినోడిది కాదా? బేస్ క్యాంపుల్లో కాపలా కాసే చెంచుల చదువు అడవే. ఆ చదువుకు సర్టిఫికెట్ ఇచ్చే యూనివర్సిటీ ఈ దేశంలో లేదు. వాన పడగానే వాచరు ఇంటికి పోవాలి. మళ్లీ పిలిచేదాకా వాడు వాచరూ కాదు, ఉద్యోగీ కాదు.

పేరు విషయంలోనూ ఇంతే. 1900 తర్వాత ఎవరికీ కనపడక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లా లంకమల పక్క చిట్టడవిలో దొరికింది. 1883లో పుట్టిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ దానికోసం వెతికింది. రాత్రిపూట దాన్ని పట్టి చూపించింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. ఆ పిట్ట పేరులో జెర్డాన్ అనే తెల్లదొర ఉన్నాడు. ఐతన్న ఎంతమందికి తెలుసు? చదువుకున్న మనలో ఎంతమందికి తెలుసు?

పల్నాడుకు ఈ కథ కొత్త కాదు. పశువులు మేస్తే పుల్లరి కట్టమన్న తెల్లోడి మీద 1921-22లో ఈ పల్లెలు తిరగబడినయ్. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు కాడ కన్నెగంటి హనుమంతు తూటాలకు బలయ్యాడు. తెల్లోడు పోయాడు. అడవి మాత్రం ఊరి జనానికి తిరిగి రాలేదు. పుల్లరి కట్టనన్న జనం మనవళ్లే ఇప్పుడు ఆ అడవిలో రోజుకూలీలు.

చట్టం లేదా అంటే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం 3(1)(ఐ) సెక్షన్ అడవిని కాపాడుకునే, పెంచుకునే, నిర్వహించుకునే హక్కు అడవి జనానికి ఇచ్చింది. గమనించండి, అది కూలి కాదు, హక్కు! అయితే మనకాడికి వచ్చేసరికి ఒక మెలిక పెట్టారు. గిరిజనేతరులైతే 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి. సెంటు భూమి పట్టా లేని మాల మాదిగలు 75 ఏళ్ల నాటి కాగితం ఎక్కడ తేవాలి? తాతకు కాగితం ఇవ్వనివాళ్లే మనవణ్ణి కాగితం అడుగుతున్నారు.

పర్మినెంట్ చెయ్యమంటే 2006 నాటి ఉమాదేవి తీర్పు చూపిస్తారు. ఆ తీర్పును ఏళ్ల తరబడి ఊడిగం చేసినవాళ్ల మీద ఆయుధంగా వాడొద్దని 2024 డిసెంబరులో జగ్గో కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ కేసు గెలిచింది మనలాంటోళ్లే. ఆఫీసులు ఊడ్చినవాళ్లు, తోటపని చేసినవాళ్లు. 'వాళ్లది ఏడాది పొడుగునా ఉండే పని, మీది సీజన్ పని' అంటారేమో! అడవి వానాకాలంలో ఎటన్నా పోతుందా? నర్సరీలు, గుంతలు, కలుపు, జంతువుల లెక్క, ఇవన్నీ పని కాదా? పని లేక కాదు, ఆ పనిని ఒక్క మనిషి బతుకుగా కలిపే మనసు లేక.

మేము పులికి వ్యతిరేకం కాదు. అడవి పోతే ముందు ఎండేది మన బావులే, ముందు వలస పోయేది మన పల్లెలే. మా తప్పు కూడా ఒప్పుకుంటున్నాం. ఆఫీసుల్లో రోస్టర్ పాయింట్ల కోసం కొట్లాడిన మన ఉద్యమం, అడవిలో ఏ రిజిస్టర్లోనూ నిలవని ఈ కూలీని లెక్కలోకే తీసుకోలేదు. చెంచుల సమస్య చెంచులదని, మన సమస్య మనదని అనుకున్నాం. ఏలేవాళ్లకు కావాల్సిందీ అదే.

అందుకే అడుగుతున్నాం. మస్టరులో కూలీ పేరు ఉండాలి, దాని నకలు కూలీ చేతిలో ఉండాలి. ఆడమనిషికీ మగమనిషికీ ఒకే కూలి ఇవ్వాలి. బూట్లు, తాగే నీళ్లు, బీమా ఇవ్వాలి. ఒక సీజన్ చేసినవాళ్లనే మరుసటి సీజన్లో ముందు పిలవాలి, మిగిలిన నెలల్లో నర్సరీ పని చూపాలి. ఏ అడవిలో ఏం చెయ్యాలో తేల్చే మీటింగులో వాళ్లకు కుర్చీ వెయ్యాలి. దాతల సొమ్ముతో నడిచే సంస్థలకూ ఇదే మాట. ప్రకృతి మీద దయ, మనిషి మీద బేరం కుదరదు.

కనీస వేతనాల బిల్లును 1946లో లేబర్ మెంబరుగా సభలో పెట్టింది బాబాసాహెబే. 1927లో మహద్ చెరువులో ఆయన దోసిలి ముంచింది నీళ్ల రుచి కోసం కాదు, ఆ చెరువు మనది కూడా అని చెప్పడానికి. అడవి కూడా అంతే. చాపకూడు పెట్టిన గడ్డ అని గొప్పలు చెప్పుకునే పల్నాడులో, ఆ చాప మీద అడవి కూలీకి చోటు ఏదీ? మాచవరంలోనూ, మాచర్లలోనూ, ప్రతి పల్లెలోనూ ఈ ఎండాకాలం నిప్పు కాయడానికి పోయినవాళ్ల పేర్లు మనమే రాసుకుందాం. పేర్లు ఉంటేనే రేపు అడగటానికి మనుషులుంటారు.

జై భీమ్!