రాత్రయినా చల్లారని ఎండ

ఏం వదినగారూ, ఆవకాయ పెట్టడం అయిందా? మా డాబా మీద మిరపకాయలు ఒక్క పూటకే గలగలలాడాయి. సంతోషమే గాని, రాత్రి పదకొండింటికి కూడా డాబా కాలుతోందండీ! మా చిన్నప్పుడు విజయవాడలో ఎండల్లేవా? ఉన్నాయి. అయినా నీళ్ళు చల్లి మంచాలు వేసుకుంటే తెల్లవారుజామున దుప్పటి వెతుక్కునేవాళ్ళం. చెట్లు పోయి సిమెంటు పెరగడం ఒక కారణం. అసలుది ఇంకోటుంది.

దాన్ని ముందుగా పట్టుకున్నది ఒక ఆడదే, తెలుసా? అమెరికాలో యూనిస్ ఫుట్ అని, ఇద్దరాడపిల్లల తల్లి. 1856లో గాజు గొట్టాల్లో థర్మామీటర్లు పెట్టి, ఒకదాంట్లో మామూలు గాలి, ఇంకోదాంట్లో బొగ్గుపులుసు వాయువు నింపి ఎండలో ఉంచింది. రెండోది ఎక్కువ వేడెక్కింది. ఎండలోంచి తీశాక చల్లారడానికీ చాలాసేపు పట్టింది. గాలిలో ఈ వాయువు ఎక్కువైతే భూమీ వేడెక్కుతుందని అప్పుడే రాసింది. ఆ వ్యాసాన్ని సభలో చదివింది మాత్రం ఓ మగాయన! మనకిది కొత్తా ఏమిటి?

పొయ్యి ఆపేసినా మూత ఉంటే అన్నం వేడిగానే ఉంటుంది కదా. పగలు కాలిన నేల రాత్రి వేడిని పైకి వదులుతుంటే ఈ వాయువు అలాగే పట్టి ఉంచుతుంది. బొగ్గు, పెట్రోలు ఇంతగా కాల్చకముందు గాలిలో పదిలక్షల పాళ్ళకి 280 పాళ్ళుండేది, ఇప్పుడు 420 దాటింది. కుళ్ళే చెత్తకుప్పల నుంచీ, నీళ్ళు నిలిచిన వరిచేల నుంచీ వచ్చే మీథేన్ దీనికి తోడు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో కాల్చేదీ బొగ్గే. నా ఫ్రిజ్జూ, మిక్సీ కరెంటు మీదే నడుస్తున్నాయి, ఇంకొకర్ని ఏమనను?

2015 మే నెల వడగాడ్పులకి మన రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా పోయారు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడేది. ఉక్కపోతలో అది ఆరదు.

కిందటి వేసవిలో మా పనమ్మాయి అంట్లు తోముతూ పెరట్లో కూలబడింది. పేరు అడిగితే తడబడింది. నీడకి చేర్చి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. తెలివి సరిగా లేనివాళ్ళకి నోట్లో ఏమీ పోయకూడదని డాక్టరమ్మ చెప్పేదాకా నాకు తెలీదు. గ్లాసుడు మజ్జిగ చేత్తో పట్టుకునే ఉన్నాను!

ఇప్పుడా పిల్ల పొద్దున్న ఆరింటికే వచ్చి, ఎండెక్కకముందే వెళ్ళిపోతోంది. నా వంట కూడా ఎనిమిదికల్లా అయిపోతోంది. వచ్చే వారం మామిడి తాండ్ర సంగతి చెబుతాను.