ఒక మార్కు ప్రశ్న



ఎనిమిదో తరగతి సైన్స్‌లో కౌమార దశ గురించి ఒక పాఠం ఉంటుంది. పద్దెనిమిదేళ్లుగా నేను చెబుతున్న పాఠమే. ఆ పాఠం నుంచి ఒక మార్కు ప్రశ్న ఒకటి తరచూ ఇస్తుంటాం: స్త్రీలలో రుతుచక్రం ఏ వయసులో ఆగిపోతుంది, దాన్ని ఏమంటారు? పిల్లలు టకటకా రాసేస్తారు. '45 నుంచి 50 ఏళ్ల మధ్య. మెనోపాజ్.' స్పెల్లింగ్ తప్పితే అర మార్కు కోస్తాను.

ఆ జవాబు రాసిన పిల్లలు సాయంత్రం బస్సు దిగి ఇంటికి వెళ్తే, తలుపు తీసేది ఆ వయసులో ఉన్నవారో, ఆ వయసుకు దగ్గరపడుతున్నవారో. పిల్లలకు ఆ సంగతి తట్టదు. చాలా ఇళ్లలో నాన్నలకూ తట్టదు. నిజం చెప్పాలంటే, ఏటా ఆ పాఠం చెప్పే టీచరుకే తన దాకా వచ్చేసరికి తట్టలేదు. ఆ టీచర్ని నేనే.

మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో ఒకావిడ నా ఎదురుగా కూర్చుని ప్రోగ్రెస్ కార్డుతో విసురుకుంటున్నారు. పైన ఫ్యాన్ తిరుగుతోంది, బయట చలిగాలి. పక్కన కూర్చున్న బాబు సిగ్గుపడి, "అమ్మా, ఆపు" అన్నాడు. మార్కుల సంగతి అయ్యాక ఆవిడ లేవకుండా, "మేడమ్, వీడి మీద నాకు ఈమధ్య ఊరికే కోపం వచ్చేస్తోంది. తర్వాత నాకే ఏడుపొస్తోంది. చదువు టెన్షనేనంటారా?" అని అడిగారు. ఆవిడ వెనక ఇంకా పదిమంది వరుసలో ఉన్నారు. అక్కడ చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ఒక చిన్న లెక్క చూడండి. పాతిక, ముప్పై ఏళ్ల మధ్య బిడ్డను కన్న తల్లికి, ఆ బిడ్డ పదో తరగతికి వచ్చేసరికి నలభై నుంచి నలభై ఐదేళ్లు ఉంటాయి. మన దేశంలో స్త్రీలకు నెలసరి పూర్తిగా ఆగే సగటు వయసు 46, 47 ఏళ్ల దగ్గర ఉంది. అమెరికాలో అది 51. ఆగడమంటే ఒకరోజు స్విచ్ ఆపినట్టు జరగదు. పన్నెండు నెలలు వరసగా రాకపోతేనే మెనోపాజ్ అంటారు. దానికి కొన్నేళ్ల ముందు నుంచే ఒంట్లో మార్పులు మొదలవుతాయి. ఈస్ట్రోజన్ ఒక నెల పెరుగుతుంది, ఒక నెల పడిపోతుంది. మెదడులో ఒంటి వేడిని చూసుకునే భాగం అతిగా స్పందించడం మొదలుపెడుతుంది. అందుకే చలికాలంలో కూడా ఒళ్లంతా సెగలు, చెమటలు. అర్ధరాత్రి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం, మాట నోటిదాకా వచ్చి ఆగిపోవడం, కీళ్ల నొప్పులు, గుండె దడ, కారణం లేని దిగులు, ఇవన్నీ అందులోవే. కొందరికి దాదాపు ఏమీ ఉండవు. కొందరికి అన్నీ ఉంటాయి.

అంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా మనం దేన్నయితే పిల్లల జీవితంలో కీలక సమయం అంటామో, చాలామంది తల్లులకు అదే సమయంలో ఇది నడుస్తూ ఉంటుంది. ఒకే ఇంట్లో, ఒకే డైనింగ్ టేబుల్ దగ్గర, హార్మోన్లు పెరుగుతున్న మనిషి ఒకరు, తగ్గుతున్న మనిషి ఒకరు. గొడవలు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

నా సంగతి చెబుతాను. మా అమ్మాయి పదో తరగతిలో ఉన్నప్పుడు నాకు 45. ఒకరోజు పొద్దున క్యారేజీ మూత కనపడలేదని ఇంట్లో అందరి మీదా అరిచాను. మూత నా చేతిలోనే ఉంది. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేది, నైటీ తడిసిపోయి ఉండేది. ఫ్యాన్ ఐదు మీద పెడితే మావారు లేచి రెండు మీద పెట్టేవారు, నేను మళ్లీ ఐదు. క్లాసులో రోజూ చూసే పిల్లాడి పేరు ఒకరోజు గుర్తుకు రాలేదు. నాకేదో మతిమరుపు జబ్బు వస్తోందని భయపడి ఎవరికీ చెప్పలేదు. నెలసరి పదిహేను రోజులకోసారి, వస్తే వారం పైన. స్టాఫ్‌రూమ్‌లో కుర్చీలోంచి లేవాలంటే చీర వెనక చూసుకుని లేచేదాన్ని. అప్పుడూ నాకు నా పాఠం గుర్తుకు రాలేదు. 'అమ్మాయి పబ్లిక్ పరీక్షలు అయిపోనీ, చూపించుకుందాం' అనుకున్నాను.

పరీక్షలయ్యాయి. తర్వాత ఇంటర్ కాలేజీల వెతుకులాట, ఆ తర్వాత హాస్టల్ సామాన్లు. ఒకరోజు మెట్లు ఎక్కుతూ మధ్యలో కూర్చుండిపోతే అప్పుడు రక్తపరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ 7.9. ఆడవాళ్లకు 12 ఉండాలని నేనే పిల్లల చేత వల్లె వేయిస్తాను!

రక్తహీనత విషయంలో నేనొక్కదాన్నే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగానికి పైగా. ఫీజులు కట్టి పిల్లలను చదివించుకునే ఇళ్లలో ఇది ఉండదనుకోకండి. నేను అలాగే అనుకున్నాను.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. ఒక ఆసుపత్రిలో స్కాన్ రిపోర్టు చూసి పది నిమిషాల్లో తేల్చేశారు. "పిల్లలు అయిపోయారు కదమ్మా, ఇంక గర్భసంచితో పనేముంది? తీసేస్తే ఏ బాధా ఉండదు." ఇంటికొస్తే మా పిన్ని కూడా అదే మాట. "తీయించేసుకోవే, పీడా వదిలిపోద్ది. మా వీధిలో అందరం తీయించుకున్నాం." వేసవి సెలవుల్లోనే అయిపోతుందని మేమూ దాదాపు సిద్ధపడ్డాం. సెలవులు కాబట్టి స్కూలుకీ ఇబ్బంది ఉండదు, చూడండి, అప్పుడూ నా లెక్క అదే.

మా కొలీగ్ ఒకావిడ పట్టుబట్టి ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ అరగంట కూర్చోబెట్టి ఎప్పటినుంచి, ఎన్ని రోజులు, రాత్రి నిద్ర ఎలా ఉంది అని అడిగారు. థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించారు. గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు, దానిలో తేడా ఏమీ లేదు. ఉన్నది చిన్న ఫైబ్రాయిడ్, నెలసరి ఆగాక సాధారణంగా కుంచించుకుపోయే రకమే. బ్లీడింగ్‌కు మందులు, రక్తానికి ఐరన్ ఇచ్చారు. ఆరు నెలలకు హిమోగ్లోబిన్ 11 దాటింది. గర్భసంచి ఇప్పటికీ నాతోనే ఉంది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఈ ఆపరేషన్ విషయంలో మన రెండు రాష్ట్రాల పేరు దేశంలో ముందుంది. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ల మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. తీయించుకున్నవారి వయసు చూస్తే, సగం మందికి 34 ఏళ్ల లోపే అయిపోయింది. అనవసరంగా జరిగే ఈ ఆపరేషన్ల మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అడ్డుకట్ట వేసే మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ పాటించాలని 2023 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది.

ఆపరేషనే వద్దని నేననడం లేదు. క్యాన్సరైనా, మందులకు లొంగని బ్లీడింగైనా, పెద్ద గడ్డలైనా అవసరమైనప్పుడు చేయించుకోవాల్సిందే. దానితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే మాత్రం, ఆ మర్నాటి నుంచే మెనోపాజ్ మొదలైనట్టు. ఎముకల బలం, గుండె ఆరోగ్యం రెండింటికీ దాని ప్రభావం ఉంటుంది. కాబట్టి ఎవరు చెప్పినా రెండో డాక్టరును అడగండి. అడిగితే మొదటి డాక్టరుకు కోపం వస్తుందేమోనని ఆలోచించకండి. పిల్లాడి కాలేజీ కోసం పది చోట్ల వాకబు చేసిన మనం, ఒంట్లో అవయవం తీసేయడానికి రెండు చోట్ల అడగకూడదా?

ఇంకొక్క మాట, ఇది మాత్రం వాయిదా వేయకండి: ఏడాది పాటు నెలసరి ఆగిపోయి, ఆ తర్వాత ఒక్క చుక్క బ్లీడింగ్ కనపడినా వెంటనే చూపించుకోవాలి. చాలాసార్లు అది ప్రమాదం కాదు. కానీ ఆ సంగతి డాక్టరు పరీక్ష చేసి చెప్పాలి, మనం ఊహించుకోకూడదు.

నాన్నగార్లకు కూడా ఒక మాట. పేరెంట్స్ మీటింగ్‌కి మీరు కూడా వస్తున్నారు, సంతోషం. అయితే ఇంటి దగ్గర లెక్క వేరేలా ఉంది. 2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని మీద ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, చేసే మగవాళ్లు 88 నిమిషాలు గడుపుతున్నారని తేలింది. మా బస్సు ఆరూ యాభైకి వస్తుంది. ఆ బస్సు అందాలంటే మీ ఇంట్లో నాలుగున్నరకు లేచేదెవరో మీకు తెలుసు. రాత్రి పిల్లాడు చదువుకుంటున్నాడని పదకొండున్నర దాకా పక్కన కూర్చునేదీ ఆ మనిషే. మధ్యలో మూడింటికి చెమటతో మెలకువ వస్తే, ఆవిడకు మిగిలే నిద్ర ఎంతో లెక్కేయండి. 'ఏదైనా సాయం కావాలంటే అడుగు' అనే మాట వద్దు. పొద్దుటి క్యారేజీయో, రాత్రి చదువు దగ్గర కూర్చోవడమో, ఒక పని పూర్తిగా మీ పేరు మీద రాసుకోండి. ఆవిడ గుర్తుచేసే పని కూడా ఉండకూడదు.

అసలు పదో తరగతి చదివే పిల్లల పక్కన పెద్దవాళ్లు మేలుకుని కూర్చోవాలా అన్నది నా అనుమానం. అలా కూర్చున్నందుకు మార్కులు పెరగడం నేనెప్పుడూ చూడలేదు.

మా స్కూలు వాళ్ల తప్పు లేదని కూడా అనను. రాత్రి పదింటికి 'రేపు చార్టు, గ్లిట్టర్ పెన్నులు తేవాలి' అని గ్రూపులో పెట్టేది మేమే. గ్రూపులో ఉండేది అమ్మలే. నా క్లాసు డైరీల్లో పేరెంట్ సంతకం ఉండే చోట దాదాపు అన్నీ అమ్మల సంతకాలే. పిల్లాడికి మార్కులు తగ్గితే ముందు ఫోన్ వెళ్లేది కూడా ఆవిడకే. ఎనిమిది దాటాక మెసేజ్‌లు వద్దని, గ్రూపులో నాన్నల నంబరు కూడా తప్పనిసరి చేయాలని మా స్టాఫ్ మీటింగ్‌లో అడిగాను. ఇంకా నిర్ణయం కాలేదు. ఎడిటర్ గారు ఈ పేరా తీసేయరని ఆశ.

తిండి గురించి చాలామంది అడుగుతారు కాబట్టి రెండు మాటలు. రాగి సంగటి, నువ్వులు, పాలు, పెరుగు ఎముకలకు మంచివి. రోజూ అరగంట నడక, కాస్త బరువులెత్తే వ్యాయామం ఇంకా మంచివి. పిల్లల ప్లేట్లో మిగిలింది తినడం ఆహారం కిందికి రాదు. సెగలు భరించలేనంతగా ఉంటే హార్మోన్ చికిత్స ఉంది. అది అందరికీ సరిపడదు, కాబట్టి డాక్టరుతో మాట్లాడే వాడాలి. దిగులు రెండు వారాలకు మించి వదలకపోతే దాన్ని కూడా ఒంటి నొప్పిలాగే చూపించుకోవాలి.

ఈ ఏడాది ఆ పాఠం కొంచెం మార్చి చెప్పాను. మెనోపాజ్ దగ్గరికి వచ్చాక, ఒక మార్కు జవాబు నోట్స్‌లో రాయించి ఆపేయకుండా, అది వచ్చే ముందు కొన్నేళ్లు మనిషికి ఎలా ఉంటుందో చెప్పాను. సెగలు, నిద్ర లేకపోవడం, కోపం. క్లాసులో అబ్బాయిలు తలలు దించుకున్నారు, అమ్మాయిలు ఒకరినొకరు చూసుకున్నారు. ఎవర్నీ ఏమీ అడగలేదు. ఇంట్లో అడగమని కూడా చెప్పలేదు.

వారం తర్వాత కారిడార్‌లో ఒక అబ్బాయి నా వెంటపడి వచ్చాడు. "మేడమ్, మా ఇంట్లో ఫ్యాన్ కోసం రోజూ గొడవ. మీరు చెప్పింది నాన్నకి చెప్పాను. ఇప్పుడు ఐదు మీదే ఉంటోంది. నాన్నే రగ్గు కప్పుకుంటున్నారు" అని చెప్పి, నేనేమైనా అనేలోపే గ్రౌండ్‌లోకి పరిగెత్తాడు.

సంక్రాంతి సెలవుల్లో చూపించుకుందాంలే అనుకోకండి. అప్పుడు అరిసెలు, చుట్టాలు. అది అయ్యేసరికి ప్రీ ఫైనల్స్. ఈ నెలలోనే ఒక శనివారం పొద్దున్నే ఏమీ తినకుండా ల్యాబ్‌కు వెళ్లి రక్తం ఇచ్చి రండి. హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్. ఆ ఒక్కరోజూ క్యారేజీ నాన్న కడతారు. ఉప్మా అయినా ఫర్వాలేదు, మా క్లాసులో ఎవరూ ఏమీ అనరు.