శీతకాలపు మడి

గోదావరి వరద తీసినంతనే లంక రైతునకు పని మొదలగును. పట్టిసీమకు దిగువనున్న లంకలలో నది విడిచిపోయిన ఒండ్రుమట్టి పదును ఆరకముందే నారు, విత్తనము నేలలో పడవలెను. మరల ఆషాఢమున ఎర్రనీరు రాకముందే పొగాకు, మిరప, కూరగాయలు ఇల్లు చేరవలెను. అతనికి శీతకాలము విశ్రాంతి కాదు, అదియే సేద్యకాలము. ఆ నెలలు ముసుగుతన్ని గడుపుటకే యున్నవని విద్యార్థిలోకము తలచుట సరికాదని మా అభిప్రాయము.

ఇంగ్లండులో 1908వ సంవత్సరపు చట్టము, కోరినవారికి చిన్న కూరమడులు సమకూర్చు బాధ్యతను స్థానిక సంస్థలపై నుంచెను. అచ్చట మంచుకు నేల గడ్డకట్టినను మడులవారు ఎరువు వేయుచు, పనిముట్లు బాగుచేసికొనుచు ఊరకుండరు. మన నేలకు ఆ ఇబ్బందియు లేదు. పగళ్లు తగ్గిన పిదపనే నాటు చిక్కుడు పూతకు వచ్చును. ముల్లంగి 40, 50 దినములలో కూరకు అందును.

కావున కళాశాల ఆవరణలోని ఖాళీ నేలను తరగతికొక మడిగా కేటాయింపవలెనని కమిటీ పెద్దలకు మా మనవి. పండిన కూర వసతిగృహపు వంటశాలకు చేరును.

సెలవులలో మొక్కలెండునన్న శంక సహజమే. సంక్రాంతికి ఊళ్లకు వెళ్లువారి వంతు నీరు మిగిలినవారు పోయుదురు. ఇప్పుడు శీతకాలపు చివరకు వచ్చుచున్న రంజాను ఉపవాసములలో వారి బిందెను వీరందుకొందురు. ఒకరి మొక్కను మరొకరు కాపాడు ఈ పాఠము పుస్తకములలో దొరకదు. కార్తీకము దాటకముందే అనుమతి లభించునని ఆశించుచున్నాము.