క్రీడాకారుని క్రొవ్వుకు కొలబద్ద ఏది?

క్రీడాజట్టు ఎంపిక అనగానే ముందుగా ముందుకు వచ్చేది తూకపు యంత్రం. ఎత్తూ బరువూ చూచి ఒకరిని లావు అనీ, మరొకరిని బక్క అనీ తేల్చివేయడం పరిపాటి అయింది. పైన నిలబడగానే క్రొవ్వు శాతం చెప్పే విద్యుత్ తూకాలు కూడా నేడు అంగళ్ళలో దొరుకుతున్నవి. యంత్రం చెప్పినది గనుక సత్యమే అనే నమ్మకం ఎంతవరకు సమంజసమో విద్యార్థులూ, కళాశాల కమిటీ పెద్దలూ ఆలోచించవలసి ఉన్నది.

బరువు ఒక్కటే చాలదని తాండూరు రైతుకు వేరే చెప్పనక్కరలేదు. మార్కెట్టు యార్డులో కందులను తూచి ఊరుకోరు, తేమ ఎంతో కూడా చూస్తారు. నాపరాతి గనిలో బండలెత్తే కార్మికుడు ఎత్తుకు మించిన బరువు తూగవచ్చు. ఆ బరువు కండది. 1942లో అమెరికా నౌకాదళ వైద్యులు వెల్హామ్, బెంకీ 25 మంది వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్ళను నీటిలో తూచారు. ఎత్తు బరువుల పట్టిక ప్రకారం వారిలో 17 మంది సైన్యానికి పనికిరారు. కాని వారిలో పలువురి దేహంలో క్రొవ్వు స్వల్పమని తేలింది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణమూ కలదు. పుణె వైద్యుడు యాజ్ఞిక్, ఆంగ్లేయ వైద్యుడు యుడ్కిన్ తమ దేహాలనే పోల్చి 2004లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఎత్తు బరువుల సూచిక ఇద్దరికీ 22.3. క్రొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం!

అయితే క్రొవ్వునే నేరుగా కొలువరాదా? బ్రతికి ఉన్న మనిషిలో అది సాధ్యం కాదు, ఉన్నవన్నీ అంచనాలే. నీటిలో తూచే పద్ధతి కండకూ ఎముకకూ అందరిలో ఒకే సాంద్రత ఉన్నదని భావిస్తుంది. గట్టి ఎముకలు గల కొందరు ఆటగాళ్ళకు ఈ లెక్కలో క్రొవ్వు సున్నకంటె తక్కువగా వచ్చిన సందర్భాలున్నవి! చర్మపు మడతలను కాలిపర్ అనే పటకారుతో కొలిచి శాతం కట్టే సూత్రం 1974లో డర్నిన్, వొమర్‌స్లీ అనేవారు గ్లాస్గోలో 481 మందిని పరీక్షించి రూపొందించినది. వారి సూత్రానికి ఆధారం మళ్ళీ ఆ నీటి తూకమే. అంచనాపై అంచనా అన్నమాట. గ్లాస్గో దేహాలపై కట్టిన లెక్క వికారాబాదు కబడ్డీ ఆటగానికి అక్షరాలా వర్తిస్తుందని ఎట్లా అనగలం? 60 కిలోల విద్యార్థికి 12 శాతం అని తేలినదనుకొందాం. 4 శాతం అటూ ఇటూ తేడా వస్తే అతని క్రొవ్వు 4.8 కిలోలు కావచ్చు, 9.6 కిలోలూ కావచ్చు.

విద్యుత్ తూకం సంగతి మరీ విచిత్రం. అది దేహంలోని నీటిని బట్టి క్రొవ్వును ఊహిస్తుంది. రంజాన్ మాసంలో రోజా ఉన్న విద్యార్థిని సాయంకాలం నిలబెడితే, దేహం ఆరి ఉన్నందున లేని క్రొవ్వును చూపవచ్చు. అతని నిష్ఠ అతని అనర్హత కావలెనా?

మన నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల విభాగంలోనూ, 2023లో 50 కిలోల విభాగంలోనూ ప్రపంచ విజేత అయినది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగాట్ 100 గ్రాముల అధిక బరువుతో ఫైనల్‌కు దూరమైనది. పోటీ నియమాలకు తూకం తప్పదు. కాని తగ్గినది క్రొవ్వా, నీరా, కండా అనేది తూకం చెప్పదు. ఆ సంగతి ఎరుగని పిల్లలు తిండీ నీరూ మానుకొంటే పోయేది బలమే. ఆడపిల్లలకు ఋతుక్రమం తప్పి ఎముకలు బలహీనపడే ప్రమాదమూ ఉన్నది.

కనుక కమిటీవారికి మూడు మనవులు. క్రొవ్వు శాతాన్ని చూచి ఎవరినీ జట్టు నుండి తొలగించరాదు. పరుగూ పట్టూ చూచి ఎన్నుకోవలెను. కొలవక తప్పనినాడు అదే మనిషి, అదే సాధనంతో, అదే వేళలో కొలిచి, శాతం కట్టక మడతల మొత్తంలో వచ్చే మార్పును మాత్రమే గమనించవలెను. ఆ అంకెలను నోటీసు బోర్డుపై పెట్టరాదు. 18 ఏళ్ళు నిండనివారికి, వైద్యుని సలహా లేనిదే, ఈ కొలతలు వద్దని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2023లో సూచించారు. మన ఇంటర్మీడియట్ విద్యార్థుల్లో అత్యధికులు ఆ వయస్సు వారే కదా!

విద్యార్థి మిత్రులారా! కొలబద్ద మనకు సేవకునిగా ఉండవలెనే గాని న్యాయాధిపతి కారాదు. మీ శక్తికి అసలైన సాక్షి ఆటస్థలమే.